పెళ్లి వీడియో దేంట్లో దాచాలి? డీవీడీ, బ్లూరే, ఎం-డిస్క్, హార్డ్ డిస్క్: హన్మకొండ మిక్సింగ్ యూనిట్ నుంచి ఒక లెక్క

మొన్న శ్రావణంలో పరకాల నుంచి ఒకాయన సంచిలో మూడు డీవీడీలు పట్టుకొని మా మిక్సింగ్ యూనిట్‌కి (పెళ్లి వీడియోలు తీసి ఎడిటింగ్ చేసే చోటు) వచ్చాడు. 2009 నాటి పెళ్లి. తీసింది నేనే, మిక్సింగ్ చేసింది నేనే, డిస్కు మీద పేర్లు రాసిన చేతిరాత కూడా నాదే. "అన్నా, బిడ్డ పెద్దగైంది, మీ పెళ్లి సూపియ్యున్రి అంటంది, ఏ ప్లేయర్ల పెట్టినా తిరుగుతనే ఉంది గాని బొమ్మ వస్తలేదు" అన్నాడు. మొదటి డిస్కు పూర్తిగా వచ్చింది. రెండోది జీలకర్ర బెల్లం దాకా వచ్చి ఆగింది. మూడోది పెడితే డ్రైవ్ కాసేపు గుర్రుమని, ఖాళీ డిస్కు అని చూపించింది. అందులో అప్పగింతలు ఉన్నాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ ఇబ్బందిగా అనిపించింది.

మూడూ ఒకే డబ్బాలోంచి తీసినవి, ఒకే రోజు, ఒకే రైటర్‌లో కొట్టినవి. తేడా ఏంటంటే మూడోదాని మీద అందంగా ఉంటుందని వధూవరుల ఫోటో స్టిక్కర్ అంటించాను. ఆ రోజుల్లో అందరం అంటించేవాళ్లం. బంక ఆరుతూ, తేమ పీల్చుతూ, పదిహేనేళ్లు ఆ కాగితం డిస్కును ఒకవైపుకి లాగుతూ ఉంటుందని అప్పుడు ఎవరికి తెలుసు?

ఆయన వెళ్తూ అడిగింది మాత్రం రోజూ ఎవరో ఒకరు అడిగేదే: "ఇప్పుడు ఏ కంపెనీది కొంటే మంచిగుంటది?" ఈ ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను, ఎందుకంటే ఇందులో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఇక్కడ రాసింది వేరేవాళ్ల మిషన్‌లో తెరుచుకుంటుందా? తెరుచుకునే డిస్కు ఇరవై ఏళ్లు బతుకుతుందా? అది బతికినా, చదివే మిషన్ అప్పటికి దొరుకుతుందా? కంపెనీ పేరు చూసి వీటిలో ఒక్కదానికి కూడా పూర్తి జవాబు రాదు. మొదటి ప్రశ్నకి మాత్రం జవాబు చాలావరకు తేలిపోయింది, తేల్చింది ఏ ఒక్క కంపెనీ కాదు, కంపెనీలన్నీ కలిసి పెట్టుకున్న సంఘాలు. ముందు ఆ సంగతి చెప్తాను, అది తెలియకపోతే డబ్బా మీద ముద్రలు చూసి మోసపోతాం.

సంఘం ముద్ర దేనికి, దేనికి కాదు

ఆప్టికల్ స్టోరేజ్ టెక్నాలజీ అసోసియేషన్ అని ఒకటి, పొట్టిగా ఓస్టా. 1992లో మొదలైంది. డ్రైవులు చేసేవాళ్లు, ఖాళీ డిస్కులు చేసేవాళ్లు, రాసే సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు ఒకచోట కూర్చుని, లేజర్‌తో రాసే డిస్కులను జనం నమ్మి కొనేలా చేయడానికి పెట్టుకున్న సంఘం. అమ్మకాలు పెరగాలనే పెట్టుకున్నారు, అందులో దాపరికం ఏమీ లేదు. కానీ అమ్మకాలు పెరగాలంటే ముందు ఒకరి డిస్కు ఇంకొకరి డ్రైవ్‌లో తెరుచుకోవాలి కదా, అక్కడే అసలు పని చేశారు.

వీళ్లు చేసిన పెద్ద పని యూడీఎఫ్. డిస్కు మీద ఫైళ్లు ఎక్కడ ఉన్నాయో, పేర్లేంటో, ఎంత పొడుగో రాసుకునే పద్ధతి అది. పుస్తకానికి విషయసూచిక లాంటిదనుకోండి, సూచిక రాసే లిపి అందరికీ ఒకటే కావాలి. అంతకుముందు 1988 నాటి ఐఎస్ఓ 9660 అనే పద్ధతి ఉండేది, కానీ అది ఫ్యాక్టరీలో ఒకేసారి అచ్చు వేసే సీడీల కోసం చేసింది. ఇంట్లో ఇవాళ కొంచెం రేపు కొంచెం రాసుకోవడానికి అది కుదరదు, పెద్ద ఫైళ్లకూ పొడుగు పేర్లకూ కుదరదు. యూడీఎఫ్‌లో యూనికోడ్ ఉంది కాబట్టి ఫైలుకి 'లక్ష్మి పెళ్లి' అని తెలుగులోనే పేరు పెట్టుకోవచ్చు. 1996 నాటి 1.02 వెర్షన్ డీవీడీ సినిమాలకి వాడారు, 2003లో వచ్చిన 2.50 బ్లూరే సినిమాలకి, 2005 నాటి 2.60 రాసుకునే బ్లూరేలకి. హన్మకొండలో కొట్టిన డిస్కు జగిత్యాల నుంచి దుబాయ్ పోయినవాళ్ల రూమ్‌లో తెరుచుకుందంటే దాని వెనక ఈ ఒప్పందం ఉంది.

ఇంకొకటి మల్టీరీడ్ ముద్ర, 1997 నాటిది. చెరిపి మళ్లీ రాసుకునే సీడీలు వచ్చిన కొత్తలో పాత డ్రైవులు వాటిని చదివేవి కావు. మామూలు సీడీ లేజర్ వెలుతురును బాగా వెనక్కి కొడుతుంది, ఈ చెరిపే రకం అందులో మూడో వంతు కూడా కొట్టదు, డ్రైవ్‌కి ఏమీ కనపడదు. ఆ మసక వెలుతురును కూడా పట్టుకునే డ్రైవ్ అయితేనే మల్టీరీడ్ ముద్ర వేసుకోవచ్చని సంఘం షరతు పెట్టింది. ఇంట్లో వాడే ప్లేయర్లకి ఇలాంటిదే మల్టీప్లే.

ఇక్కడే జాగ్రత్త. ఏనుమాముల మార్కెట్‌లో కాంటా అందరికీ ఒకటే ఉండాలి, ఏ యార్డులో తూచినా బస్తా బరువు ఒకటే రావాలి. కానీ కాంటా సరిగ్గా ఉన్నంత మాత్రాన మిర్చి తేజా రకమా తాలుకాయా అనేది తెలియదు, అది చేత్తో పట్టుకుని చూసుకోవాల్సిందే. సంఘం ముద్ర కాంటా లాంటిది. ఈ డిస్కు ఫలానా మిషన్‌లో చదవబడుతుంది అని చెప్తుంది అంతే. నీ మనవడి దాకా ఉంటుంది అని ఎక్కడా చెప్పదు. డబ్బా మీద నాలుగు ముద్రలు ఎక్కువ ఉన్నాయని ఎక్కువ రోజులు మన్నుతుందనుకోవడం నేనూ చేసిన తప్పే.

ఒక సంఘమే ఉండి ఉంటే కథ ఇంత చిక్కుగా ఉండేది కాదు. డీవీడీలో రెండు వర్గాలు. డీవీడీ ఫోరం వాళ్లది మైనస్ ఆర్ (డబ్బా మీద DVD-R అని ఉంటుంది), వాళ్లతో కుదరక విడిగా 1997లో జట్టు కట్టిన డీవీడీ ప్లస్ ఆర్‌డబ్ల్యూ అలయన్స్ వాళ్లది ప్లస్ ఆర్ (DVD+R). ఆ తర్వాత, డీవీడీ తర్వాతి తరం డిస్కు ఏదవ్వాలని హెచ్‌డీ డీవీడీకీ బ్లూరేకీ కొట్లాట, 2008 ఫిబ్రవరి 19న తోషిబా చేతులెత్తేసేదాకా సాగింది. పాపం ఆ రెండేళ్లలో హెచ్‌డీ డీవీడీ ప్లేయర్ కొన్నవాళ్ల ఇంట్లో అది షోకేసు బొమ్మ అయిపోయింది. ఇప్పుడు మిగిలింది బ్లూరే డిస్క్ అసోసియేషన్ ఒక్కటే అని చెప్పాలి.

డీవీడీ: చవకే, కానీ

డీవీడీ ఇంకా దొరుకుతుంది, స్టేషన్ రోడ్డులో ఒకటో రెండో షాపుల్లో విడిగా కూడా ఇస్తారు. చవక. అమ్మమ్మ ఇంట్లో పాత ప్లేయర్ ఉంటే, ఆమెకి రిమోట్‌లో ప్లే బటన్ ఒక్కటే తెలిస్తే, డీవీడీని మించింది లేదు. ఈ మాట నవ్వులాటకి చెప్పడం లేదు, మా చిన్నమ్మ ఇప్పటికీ అలాగే చూస్తుంది, పెన్ డ్రైవ్ ఇస్తే "గిది యాడ పెట్టాలె బిడ్డా" అంటుంది.

మైనస్ కొనాలా ప్లస్ కొనాలా అంటే, పాత ప్లేయర్‌లో పెట్టడానికైతే మైనస్ ఆర్. 2005కి ముందు ప్లేయర్లు కొన్ని ప్లస్‌ను గుర్తు పట్టవు. ప్లస్‌లో ఒక కిటుకు ఉంది, రాసేటప్పుడు బుక్‌టైప్ అనేదాన్ని (ఇది ఏ రకం డిస్కో చెప్పే గుర్తు) ప్లస్ ఆర్ అని కాకుండా డీవీడీ-రోమ్ అని మార్చి రాస్తే ప్లేయర్ దాన్ని ఫ్యాక్టరీ డిస్కు అనుకుని చదివేస్తుంది, కానీ అన్ని రైటర్లూ అది మార్చనివ్వవు. చెరిపి రాసుకునే ఆర్‌డబ్ల్యూ రకం దాచుకోవడానికి వద్దు, పొరపాటున చెరిపేసిన కేసులు నా దగ్గరే రెండున్నాయి.

ఇబ్బంది రెండు చోట్ల. ఒకటి సైజు. డబ్బా మీద 4.7 జీబీ అని ఉంటుంది, కంప్యూటర్‌లో 4.38 అని కనిపిస్తుంది, అది మోసం కాదు, వాళ్లు వెయ్యితో లెక్కేస్తారు, కంప్యూటర్ 1024తో లెక్కేస్తుంది. ఏదైనా ఇప్పటి వీడియోకి అది మూలకి కూడా సరిపోదు. మూడు గంటల పెళ్లిని ఫుల్ హెచ్‌డీలో సెకనుకి 16 మెగాబిట్లతో తీస్తే 21.6 జీబీ అవుతుంది. ఫోర్‌కే కెమెరా సెకనుకి 100 మెగాబిట్లతో రికార్డు చేస్తే గంటకే 45 జీబీ. దీన్ని డీవీడీ ప్లేయర్‌లో ఆడేలా చేయాలంటే చిన్నగా కుదించాలి, అడ్డంగా 720 చుక్కలు, నిలువుగా 576 గీతల బొమ్మ అవుతుంది, 55 అంగుళాల టీవీలో అత్త మొహం మామ మొహం ఒకేలా కనిపిస్తాయి. ఫైళ్లుగానే పెడదామంటే ఐదు డిస్కులు కావాలి.

రెండోది మన్నిక. డీవీడీలో డేటా ఉండేది రంగు పొరలో, సేంద్రియ రంగు అది. లేజర్ ఆ రంగును కాల్చి గుర్తులు పెడుతుంది. అదే రంగు ఎండకీ వేడికీ తనంతట తానే వెలిసిపోతుంది. భద్రపరచడానికి 20 డిగ్రీల లోపు చల్లదనం, 20 నుంచి 50 శాతం తేమ మంచిదని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో చెప్పింది. మనకేమో మే నెలలో 44 దాటుతుంది, రేకుల షెడ్డు కింద బీరువాలో ఎంతుంటుందో మీరే ఊహించుకోండి, ఆ వెంటనే వానాకాలం తేమ. అందుకే మన దగ్గర డబ్బా మీద రాసిన ఏళ్లను నేను పట్టించుకోను, నాణ్యమైన డీవీడీకి పదేళ్లు అని పెట్టుకుంటాను, ఐదేళ్లకోసారి పెట్టి చూసుకోమంటాను.

అమెరికాలో ఉన్న బిడ్డకి డీవీడీ పంపేవాళ్లకి ఒక మాట. టీవీ బొమ్మకి మనది పాల్ పద్ధతి, అక్కడిది ఎన్‌టీఎస్‌సీ. ఇంట్లో కొట్టిన డిస్కుకి రీజియన్ తాళం (ఫలానా దేశాల ప్లేయర్లలోనే ఆడాలనే కట్టడి) ఉండదు కానీ ఈ పాల్ గొడవ ఉంటుంది, అక్కడి ప్లేయర్లు చాలావరకు ఆడించవు, కంప్యూటర్‌లో మాత్రం వస్తుంది. దీన్ని ఏ యూడీఎఫ్ కాపాడదు, ఫైలు తెరుచుకోవడం వేరు, బొమ్మ ఆడటం వేరు. దుబాయ్‌కి ఈ సమస్య లేదు, వాళ్లదీ పాలే.

బ్లూరేలో ఏముంది

నన్నడిగితే ఇప్పుడు డిస్కులో దాచాలంటే బ్లూరేలోనే. కారణం సైజు ఒక్కటే కాదు. ఒక పొరలో 25 జీబీ, రెండు పొరల్లో 50, 2010లో వచ్చిన బీడీ-ఎక్స్ఎల్ రకంలో 100, 128 జీబీ. సీడీ లేజర్ 780 నానోమీటర్లు, డీవీడీది 650, బ్లూరేది 405. మొన సన్నగా ఉన్న పెన్నుతో అదే కాగితం మీద ఎక్కువ రాయొచ్చు కదా, అంతే సంగతి. పైన చెప్పిన మూడు గంటల పెళ్లి ఒక్క 25 జీబీ డిస్కులో పట్టేస్తుంది, కంప్యూటర్ లెక్కలో దానికి 23.3 అని చూపిస్తుంది, అయినా పడుతుంది.

అసలు తేడా లోపలి పదార్థంలో ఉంది. మామూలు బీడీ-ఆర్‌లో (ఒకసారి రాసుకునే బ్లూరే) రంగు కాదు, లోహం లాంటి అకర్బన పొర వాడతారు. దీన్ని హెచ్‌టీఎల్ అంటారు. వెలుతురుకి వెలిసిపోయే జాతి కాదు అది. అయితే చవకగా అమ్మడానికి పాత డీవీడీ ఫ్యాక్టరీల్లోనే చేయగలిగే ఎల్‌టీహెచ్ అనే రకం కూడా తెచ్చారు, దాంట్లో మళ్లీ అదే సేంద్రియ రంగు. రెండింటి మీదా బ్లూరే అనే ఉంటుంది, ముద్ర ఒకటే, రెండూ ఒకే డ్రైవ్‌లో చదవబడతాయి. కాంటా ఒకటే, మిర్చి వేరని నేను చెప్పింది ఇదే. డబ్బా మీద ఎల్‌టీహెచ్ అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, కళ్లద్దాలు పెట్టుకుని వెతకండి, ఉంటే వదిలేయండి.

గీతల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే జనం దీన్ని తలకిందులుగా అనుకుంటారు. సీడీలో డేటా ఉండేది మెరిసే అడుగున కాదు, పేరు రాసే పైవైపున, పల్చని లక్క పూత కింద. అక్కడ బాల్ పెన్నుతో గట్టిగా రాస్తే డేటా మీదే గీసినట్టు. డీవీడీలో రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల మధ్య శాండ్‌విచ్‌లా ఉంటుంది, పైన రాసినా కింద గీరినా కొంత ఓర్చుకుంటుంది, కానీ ఆ రెండు పలకలను అతికించిన బంక దానికి బలహీనత. బ్లూరేలో డేటా అడుగువైపు 0.1 మిల్లీమీటరు దూరంలోనే ఉంటుంది, అందుకే దానికి గట్టి పూత వేస్తారు. ఆ పూత మామూలు గీతలను తట్టుకుంటుంది, లోతుగా పడితే మాత్రం డీవీడీని రుద్ది పాలిష్ చేసినట్టు దాన్ని చేయలేం.

ఎం-డిస్క్ అంటే అమెరికాలోని యూటా వాళ్లు మిలెనియాటా అనే కంపెనీ పెట్టి తెచ్చిన రకం. రాయి లాంటి పొరలో గుంటలు పెట్టినట్టు రాస్తుందని, వెయ్యేళ్లు ఉంటుందని ప్రచారం. వెయ్యేళ్లు అంటే మన వేయిస్తంభాల గుడికి కూడా ఇంకా వెయ్యేళ్లు నిండలేదు, అదీ 1163 నాటిది. డిస్కు సంగతి దేవుడెరుగు, దాన్ని అమ్మిన మిలెనియాటా మాత్రం 2016లోనే దివాలా తీసింది, పేరు మీద డిస్కులు వేరేవాళ్లు చేసి అమ్ముతున్నారు. డీవీడీ రకం ఎం-డిస్క్ రాయాలంటే ఆ ముద్ర ఉన్న రైటర్ కావాలి, చదవడానికి ఏదైనా సరిపోతుంది. బ్లూరే రకం చాలా బ్లూరే రైటర్లలో రాయొచ్చు. ధర మామూలు బీడీ-ఆర్‌కి ఎన్నో రెట్లు. డీవీడీ ఎం-డిస్క్‌కీ మామూలు డీవీడీకీ పదార్థంలో పెద్ద తేడా ఉంది కాబట్టి అక్కడ డబ్బుకి అర్థం ఉంది. బ్లూరేలో హెచ్‌టీఎల్ రకం ఎలాగూ అకర్బనమే కాబట్టి, అంత ఎక్కువ పెట్టి కొనేకంటే అదే డబ్బుతో హెచ్‌టీఎల్ డిస్కులు రెండు కాపీలు రాసుకుని ఒకటి అత్తగారింట్లో, ఒకటి పుట్టింట్లో పెట్టమంటాను.

మూడో ప్రశ్న ఇప్పుడు. మిషన్ దొరుకుతుందా? ఇక్కడ నా దగ్గర మంచి వార్త లేదు. ల్యాప్‌టాప్‌లలో డ్రైవ్ పెట్టడం ఎప్పుడో మానేశారు. 2025 ఫిబ్రవరిలో సోనీ రాసుకునే బ్లూరే డిస్కుల తయారీ ఆపేసింది. మన దేశంలో నోయిడా దగ్గర మోజర్ బేర్ అని ప్రపంచంలోనే పెద్ద డిస్కు ఫ్యాక్టరీల్లో ఒకటి ఉండేది, 28 రూపాయలకే సినిమా వీసీడీ అమ్మి పైరసీ వాళ్లను కూడా హడలెత్తించింది, అదీ 2018లో మూత పడింది. డిస్కు నూరేళ్లు ఉన్నా దాన్ని తిప్పే మోటారు, చదివే లేజర్ దొరక్కపోతే దాన్ని పావురాలు రాకుండా బాల్కనీలో వేలాడదీసుకోవడమే. అందుకని బ్లూరే ఎంచుకునేవాళ్లు డిస్కుతో పాటు ఒక యూఎస్‌బీ బ్లూరే రైటర్ కొని, డిస్కులతో పాటే అదే పెట్టెలో దాచాలి. ఆ ఖర్చు కలిపి లెక్కేసుకోండి, ఒక్క పెళ్లి కోసం అయితే గిట్టదు.

హార్డ్ డిస్క్, పెన్ డ్రైవ్, క్లౌడ్

హార్డ్ డిస్క్ జీబీకి చవక, వేగం, ఎవరింట్లో అయినా పనిచేస్తుంది. కింద పడితే పోతుంది, పడకపోయినా ఏదో ఒక రోజు పోతుంది, పోయినప్పుడు మొత్తం ఒకేసారి పోతుంది. డిస్కులు పోతే ఒక్కోటి పోతాయి. 2023 జులై వరదల్లో నయీంనగర్ నాలా పొంగినప్పుడు మా యూనిట్‌లోకి మోకాలు లోతు నీళ్లొచ్చాయి. కింది అరలో నాలుగు హార్డ్ డిస్క్‌లు, ఒక అట్టపెట్టె నిండా డిస్కులు. హార్డ్ డిస్క్‌లు నాలుగూ పోయాయి, ఒకటి రికవరీకి హైదరాబాద్ పంపితే వాళ్లడిగిన డబ్బుతో కొత్త కెమెరా లెన్స్ వస్తుంది. డిస్కులను మామూలు నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకి నిలువుగా తుడిచి (గుండ్రంగా తుడవకూడదు, గుండ్రటి గీత పడితే చదవడం కష్టం) ఆరబెడితే, డీవీడీలూ బ్లూరేలూ దాదాపు అన్నీ ఆడాయి. స్టిక్కర్లు అంటించినవీ, పూత లేచిన సీడీలూ మాత్రం పోయాయి. అప్పటినుంచి నాకు డిస్కు మీద కొంచెం పక్షపాతం ఉంది, ఒప్పుకుంటాను.

పెన్ డ్రైవ్ ఇవ్వడానికి, దాచడానికి కాదు. అందులో డేటా అంటే విద్యుత్ ఆవేశం, కరెంట్ పెట్టకుండా ఏళ్ల తరబడి బీరువాలో ఉంటే మెల్లగా కారిపోతుంది. చవక పెన్ డ్రైవ్ మీద పెళ్లి పేరు అచ్చేసి గంధం పెట్టెలో పెట్టి ఇవ్వడం ఇప్పుడు ఫ్యాషన్, మేమూ ఇస్తున్నాం, కానీ ఇచ్చేటప్పుడే చెప్తాను, ఇంటికెళ్లగానే కాపీ చేసుకోండని. పెన్ డ్రైవ్ ఎఫ్ఏటీ32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లోకి మార్చుకోవాలి, పాత టీవీ అయితే అది చదువుతుందో లేదో ముందే చూసుకోవాలి.

క్లౌడ్ గురించి పొట్టిగా. గూగుల్‌లో ఉచితం 15 జీబీ, అందులోనే మెయిల్స్ కూడా. మించితే నెలనెలా కట్టాలి, కట్టడం ఆపితే కథ ముగుస్తుంది. పాస్‌వర్డ్ ఇంట్లో ఇద్దరికైనా తెలిసి ఉండాలి. ఊరికి దూరంగా ఒక కాపీ ఉండటానికి ఇదే సులువు దారి, ఆ పని వరకు మంచిదే.

ఎవరికి ఏది

పెళ్లివాళ్లకి: పూర్తి నాణ్యత ఫైళ్లు ఒక హార్డ్ డిస్క్‌లో, ముఖ్యమైన మూడు గంటలు క్లౌడ్‌లో, పెద్దవాళ్లు చూడటానికి ఒక డీవీడీ. డబ్బుకి వెనకాడకపోతే ఒక బ్లూరే సెట్టు. మూడు కాపీలు, రెండు రకాల వస్తువుల్లో, ఒకటి వేరే ఊళ్లో, ఇంతకన్నా పెద్ద సూత్రం లేదు.

నాలాంటి స్టూడియోవాళ్లకి బ్లూరే నిజంగా పనికొస్తుంది. ఒకసారి రాస్తే మార్చలేం అనేది ఇక్కడ లాభం, వైరస్ వచ్చి కంప్యూటర్లన్నీ తాళం వేసినా బీరువాలో డిస్కును అది ముట్టుకోలేదు. ఫేస్‌బుక్ వాళ్లు కూడా 2014లో పదివేల బ్లూరే డిస్కులు పట్టే అల్మారా ఒకటి చేసి చూపించారు, ఎవరూ చూడని పాత ఫోటోలు దాచడానికి. నేను ఏడాది పనిని 50 జీబీ డిస్కుల్లో రాసి, ఏ డిస్కులో ఎవరి పెళ్లో నోటుబుక్కులో రాసుకుంటాను. నోటుబుక్కు పోతే ఎలాగని మా అసిస్టెంట్ అడుగుతాడు, దానికీ జిరాక్స్ ఉంది.

కోర్టు పనికి సీడీ, డీవీడీలే ఇంకా నడుస్తున్నాయి. సీసీటీవీ ముక్క ఇవ్వాలంటే వకీలు సారు చెప్పినట్టు ఒకసారి రాసే రకంలోనే రాయించండి, ఆర్‌డబ్ల్యూ వద్దు. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం అమల్లోకి వచ్చాక, సెక్షన్ 63 కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకి వేలిముద్ర లాంటి సంఖ్య) కూడా రాయాలి, అది డిస్కు రాసేటప్పుడే తీసి పెట్టుకోవాలి.

ఆస్పత్రి స్కానింగ్ సీడీ ఉన్నవాళ్లు ఈ వారమే దాన్ని కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. డాక్టర్ దగ్గర డ్రైవ్ లేదంటారు, ఇంట్లో లేదు, మూడేళ్ల తర్వాత పాత ఎంఆర్ఐతో పోల్చాలంటే సీడీ చదవదు. ఫోల్డర్ మొత్తం కాపీ చేయాలి, పైన కనిపించే బొమ్మలు మాత్రమే కాదు, డైకామ్ ఫైళ్లకి (అసలు స్కానింగ్ బొమ్మలు ఉండేవి ఇవే) కొన్నిసార్లు పేరు చివర ఏమీ ఉండదు, చెత్త ఫైళ్లనుకుని వదిలేస్తారు.

రాసేటప్పుడు

విండోస్‌లో ఖాళీ డిస్కు పెడితే రెండు దారులు అడుగుతుంది, పెన్ డ్రైవ్‌లా వాడతారా, సీడీ డీవీడీ ప్లేయర్‌తో వాడతారా అని. చాలామంది మొదటిదే నొక్కుతారు, సులువని. అది యూడీఎఫ్‌లో ముక్కలు ముక్కలుగా రాసే పద్ధతి, ఇంకో విండోస్ కంప్యూటర్‌లో బాగానే వస్తుంది, టీవీ కింద ఉన్న ప్లేయర్‌లో రాదు. "డిస్కు పాడైంది" అని నా దగ్గరికి వచ్చేవాటిలో మంచి వాటా ఇవే. దాచడానికైనా ప్లేయర్‌కైనా రెండోదే నొక్కండి. రాయడం అయ్యాక ఫైనలైజ్ చేయాలి, అంటే ఇక రాసేదేమీ లేదని డిస్కును మూసేయాలి, అది మర్చిపోతే రాసిన డ్రైవ్ తప్ప ఇంకేదీ చదవదు.

స్పీడు 16ఎక్స్ అని ఉందని 16లో రాయకండి, డీవీడీకి 8, బ్లూరేకి 4 చాలు. నాలుగులో 25 జీబీ డిస్కు రాయడానికి ఇరవై మూడు నిమిషాలు పడుతుంది, ఛాయ్ తాగి రావచ్చు. వెరిఫై గుర్తు మీద టిక్ పెట్టండి, రాసింది రాసినట్టు ఉందో లేదో అదే చూసుకుంటుంది. పేరు రాయాలంటే నీళ్ల మార్కర్‌తో, మధ్యలో పారదర్శకంగా ఉండే చుట్టు మీద. స్టిక్కర్ గురించి ఇంక చెప్పక్కర్లేదు.

డిస్కులు నిలబెట్టి పెట్టాలి, ఒక్కో డిస్కుకి ఒక్కో గట్టి డబ్బా. ప్లాస్టిక్ సంచి కవర్లలో పేర్చి ఒకదాని మీద ఒకటి పెడితే మన ఎండకి కవరు డిస్కుకి అతుక్కుంటుంది. బీరువాలో అయితే, వరద నీళ్లు రాని చోటైతేనే కింది అర, గోడకి ఆనించకుండా.

ఇక డ్రైవ్ కొనేవాళ్లకి. ఆన్‌లైన్‌లో చవక డ్రైవుల్లో కొన్ని బ్లూరే అని రాసి ఉన్నా చదవడమే తప్ప రాయవు, కాంబో అంటారు వాటిని, పేరులో రైటర్ అని ఉందో లేదో, బీడీ-ఎక్స్ఎల్ ముద్ర ఉందో లేదో చూసుకోండి. వచ్చిన రోజే ఇంట్లో ఉన్న పాత సీడీ ఒకటి, మైనస్ ఒకటి, ప్లస్ ఒకటి, ఎక్కడైనా దొరికితే ఒక ఆర్‌డబ్ల్యూ, వరసగా పెట్టి చూడండి. ఏదో ఒకటి చదవకపోతే వాపసు గడువు దాటకముందే తిప్పి పంపండి. పరకాల ఆయన మూడో డిస్కును నేను అలా నాలుగు డ్రైవుల్లో పెట్టి చూశాను, పాత డెస్క్‌టాప్‌లోని ఐదో దాంట్లో పెడితే పదకొండు నిమిషాలు వచ్చింది, అప్పగింతలు మొదలయ్యేదాకా. అది హార్డ్ డిస్క్‌లో ఎక్కించి, బ్లూరేలో రాసి ఇచ్చాను, డబ్బులు తీసుకోలేదు.